రేవు కట్టిన పీలిక

రేవులో ఏం చూశారో ముందు మీరు చెప్పండి. నది చూశాం, పడవ చూశాం అంటారు. పడవ ముందు కొసకు కట్టిన గుడ్డ పీలిక చూశారా? చూసి ఉండరు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఒక్క ఉదుటున పడవ ఎక్కుతారుగాని పీలికలు వెతుక్కోరు. అందుకే చెబుతున్నాను, వినండి.

ఒక రాజ్యంలో జబ్బుపడ్డవాళ్లు నదికి ఇవతల, వైద్యుడు అవతల. వాళ్లను పడవ మీద దాటించే విద్య నేర్పడానికి కోటలో ఒక గొప్ప బడి ఉండేది. ఆ బడిని నిలబెట్టడానికి పెద్ద పంతులమ్మ తన వయసంతా ధారపోసింది. ఆడపిల్లలకు తెడ్డు పట్టడం నేర్పిస్తావా అని ఊరు నవ్వితే, ఆ నవ్వు మీదుగానే నడిచి వచ్చిన మనిషి.

బడి కోట కొలనులో నేర్పేది. పడవలో రోగుల బదులు ఇసుక మూటలు పెట్టేవారు. మూట బరువూ మనిషి బరువూ ఒకటే కదా అని పంతులమ్మ లెక్క. పిల్లలు తెడ్డు వేస్తే నీళ్లు చప్పుడు చేసేవి కావు. చూడవచ్చిన పండితులు ముచ్చటపడి పట్టాల మీద సంతకాలు పెట్టేవారు.

అయితే నదిలో దిగాలంటే పట్టా చాలదు. రేవు మండలి వచ్చి బడిని చూసి, నమ్మి ఎక్కవచ్చనే గుర్తుగా పిల్లల పడవలకు పీలిక కట్టాలి. ఆ ఏడు మండలి తరఫున ఒక ముసలమ్మ వచ్చింది. అంతా చూసి, మూటలు తీయించి, తానే పడవలో కూర్చుంది.

కొలను నడిమికి వచ్చాక ముసలమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది. భయమేస్తోంది, దింపేయండి అని కేకలు పెట్టింది. పడవ ఒరిగింది. తెడ్డు పట్టిన పిల్ల ఆమె ముఖం వైపు చూడనేలేదు. తెడ్డునే చూసుకుంటూ ఇంకా అందంగా వేసింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

ముసలమ్మ గట్టెక్కి చీర కొంగు పిండుకుంది. "తెడ్డు బాగా వేస్తారమ్మా మీ పిల్లలు. కాని మీ మూటలు ఎన్నడూ ఏడవలేదు" అంది. పీలిక కట్టకుండానే వెళ్లిపోయింది.

పంతులమ్మకు ఒళ్లు మండింది. పీలిక లేకపోతే చదువు ముగించిన పిల్లలకు నది లేదు. నది లేని చదువుకు ఇక ఎవరూ రారు. బడి మూతపడుతుంది. నేరుగా రాజు దగ్గరికి వెళ్లి, పండితులు మెచ్చిన బడిని చూడడానికి ఈ రేవువాళ్లెవరని నిలదీసింది.

రాజు నెమ్మదిగా చెప్పాడు. "పట్టా ఇచ్చే హక్కు నీది. దాన్ని ఎవరూ తీసుకోరు. నదిని మాత్రం రేవుకు అప్పజెప్పాను. పడవ ఎక్కేవాడు నీ పట్టా చదివి ఎక్కడు తల్లీ."

పంతులమ్మ మండలిని తిట్టుకుంటూ తిరిగొచ్చింది. తిట్టుకుంటూనే మూటలు విప్పి ఇసుక పారబోయించింది. పిల్లల్ని నది పాయలోకి తీసుకెళ్లింది. చంటిబిడ్డల తల్లుల్ని, కీళ్లనొప్పుల ముసలివాళ్లను, ఊరికే కేకలేసే ఒక తాగుబోతును కూడా బతిమాలి ఎక్కించింది. మూటలే నయం, పాన్పు అడగవు అని పిల్లలు గొణిగారు. ముసలమ్మ మళ్లీ వచ్చి, మళ్లీ లేచి నిలబడింది. ఈసారి తడవలేదు. పీలిక కట్టింది. పంతులమ్మ ఆమెకు మంచినీళ్లయినా ఇవ్వలేదు.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం పంతులమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. వైద్యుడి దగ్గరికని పడవ ఎక్కించారు. నది నిండుగా పోతోంది. నడిమికి వచ్చేసరికి ఆమె, అందరికీ నేర్పిన మనిషి, గబుక్కున లేచి నిలబడింది. దింపేయమని అరిచింది. పడవ ఒరిగింది.

తెడ్డు పట్టిన ఆవిడ దాన్ని మోకాలి కింద అదిమిపెట్టి పంతులమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నీళ్లను చూడకండమ్మా, నన్ను చూడండి. నదిని నేను చూసుకుంటాను."

పంతులమ్మ చూసింది. ఆనాడు కొలనులో మునిగిన పిల్ల. ఆ ముఖం చూస్తూ కూర్చుంది. అవతలి ఒడ్డు వచ్చింది.

నయమై తిరిగొచ్చిన నాడు ఇంటికి వెళ్లకుండా మండలికి వెళ్లింది. ముసలమ్మ ఇంకా ముసలిదై, ఒళ్లో పాతచీర పెట్టుకుని పీలికలు చింపుతోంది. పంతులమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక పీలిక తీసి కళ్లకద్దుకుంది.

"ఇంత మంచి నేత చీర చింపుతున్నారేం?" అని అడిగింది చివరికి.

"పీలికలూ మండలీ లేని కాలంలో ఒక పడవ మునిగింది. తెడ్డు వేసినవాడికి పట్టా ఉంది. ఒడ్డుకు ఈ చీర ఒక్కటే కొట్టుకొచ్చింది. మా అమ్మది." ముసలమ్మ మరో పీలిక చింపింది. "ఇది అయిపోతే ఏం కడతారని అందరూ అడుగుతారు. ఇంకో చీర అలా ఒడ్డుకు కొట్టుకు రాకూడదనే కదమ్మా నేను మీ కొలనులో మునిగింది."

పంతులమ్మ ఆ చీర అంచు పట్టుకుని, చింపడానికి వీలుగా బిగించి కూర్చుంది.

ఆ చీర ఇప్పుడు చేరెడే మిగిలింది. రేవులో ఉన్నవాళ్లూ, దాటబోయేవాళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. అదీ అయిపోయిన నాడు పడవకు మీరేం కడతారు?