మూటతల్లి వెలసిన కథ

జల్లిమెట్ట ఎక్కిన భక్తులకు శిఖరాన గుడి కనిపించదు, గోపురం కనిపించదు. ఎర్రమట్టి నింపి మూతి కట్టిన ఒక మూట, దానిపై పసుపు బట్ట. అదే మూటతల్లి. ఏటా తొలకరికి ముందు పాత బట్ట మీదే కొత్త బట్ట చుడతారు. లోపలి మట్టిని మాత్రం ఎవరూ ముట్టరు.

పూర్వం ఇక్కడ ఏం జరిగిందో చెప్పుకోవాలి. పూర్వం అనగానే కృతయుగం అనుకోకండి! లాంతర్లు పోయి టార్చిలైట్లు వచ్చిన రోజులు. మెట్టమీది ఎర్రమట్టి వానను పీల్చి దాచుకుంటుంది. దాచినదాన్ని ఏడాది పొడుగునా జల్లిగెడ్డ అనే వాగుగా వదులుతుంది. ఆ గెడ్డే కింది ఏడూళ్ల అన్నం.

ఒక మాఘమాసంలో గనుల కంపెనీ ఇంజనీరు ఒకాయన వచ్చి మెట్టపైన గుంతలు తవ్వించాడు. పరీక్షకు కొంచెం మట్టి కావాలన్నాడు. కొండకొచ్చినవాడి బరువు మోయడం ఇక్కడి మర్యాద. ఆడా మగా నవ్వుతూ మూటలు నెత్తికెత్తుకుని దించారు. మొదటి మూట మోసినది పాంగి చిలకమ్మ.

దిగువన డేరా దగ్గర మూటలు దించాక అసలు సంగతి తెలిసింది. మట్టి నచ్చితే మెట్ట తల మొత్తం కోసి లారీల్లో తీసుకుపోతారట. ఆ మధ్యాహ్నం గెడ్డ ఒడ్డున చిలకమ్మ కునుకు తీయగా ఒక ముసలి తల్లి కలలో కనిపించింది. నెత్తిన జుట్టు లేదు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నువ్వే దించావు. నువ్వే ఎక్కించు" అంది. అంతే.

చిలకమ్మ ఏడూళ్ల ఆడవాళ్లను వెంటబెట్టుకుని డేరాకు వెళ్లి మూట మీద చెయ్యి వేసింది.

"అది కంపెనీ మట్టమ్మా!" అన్నాడు ఇంజనీరు.

"కంపెనీ పుట్టకముందు ఎవరిది బాబూ?"

"మీకు రోడ్డు వేస్తాం. రోగుల్ని ఇంకెన్నాళ్లు డోలీలో మోస్తారు?"

ఆ మాట చిలకమ్మకు తగిలింది. ఆమె కోడలు డోలీలోనే, సగం దారిలో ప్రాణం విడిచి అప్పటికి నెల కాలేదు.

"మనుషుల కోసం రాని రోడ్డు మట్టి కోసం వస్తుందా? మాకొద్దు. వదినా, ఒక చెయ్యి వెయ్యి" అని మూట ఎత్తించుకుంది.

మూటలన్నీ మెట్ట ఎక్కించి, వాటి మీది గుర్తులు చూసి ఏ గుంత మట్టి ఆ గుంతలోనే పోశారు. ఒక్క మూట మీద గుర్తు చెరిగిపోయి, దాని గుంత ఏదో తెలియలేదు. దాన్ని శిఖరాన నిలిపి మొక్కారు. ఆ రోజు నుంచి కంపెనీ సామాను ఎత్తడానికి ఏడూళ్లలో ఒక్క తల ముందుకు రాలేదు. దారిలేని కొండపైకి యంత్రం తనంతట తాను నడిచి రాదు కదా! నాలుగు వానాకాలాలు ఊళ్లవాళ్లు వంతులవారీగా మెట్టపై కాపలా కూర్చున్నారు. ఐదో ఏడు కంపెనీ డేరా ఎత్తేసింది. చదువుకున్నవాళ్లం దాన్ని ఉద్యమం అంటాం. చిలకమ్మ మాత్రం, ఇచ్చిన మర్యాద వెనక్కి తీసుకున్నాం, అంతేగా అనేదట.

నేటికీ భక్తులు దిగేముందు చివరి బండ మీద పాదాలు దులుపుకోవాలి. చిటికెడు మట్టి కూడా కొండ దిగకూడదు. అలా దులుపుకుని దిగినవారి చేను ఎండదు, బావి అడుగంటదు. నిరుడు ముగ్గురు కొత్తవాళ్లు కొబ్బరికాయలతో వచ్చి చాలా భక్తిగా మొక్కారు. బండ దగ్గర బూట్లు కూడా శ్రద్ధగా దులిపారు. చిలకమ్మ మనవరాలు, ఇప్పటి పూజారి సుకిరి, చీపురు పట్టుకుని వాళ్లను ఎగాదిగా చూసింది.

"జేబులు కూడా, బాబూ."