అలుగుపిల్ల వేయించిన ముడి

జీలుగుకొండ దిగువన, వాగు ఒడ్డు ఇసుకమేట మీద, ఆదివారం ఆదివారం పొద్దున్నే పిల్లజంతువుల స్కౌటు దండు కూడేది. దాన్ని నడిపేవాడు సోములు తాత. ఇరవై ఏళ్ళు ఊళ్ళో నాగలి లాగి లాగి, ఇక చాలని అడివి పట్టిన ఎద్దు. నడకలో తొందర ఉండదు, మాటలో విసుగు ఉండదు. పాలపళ్ళు ఊడే వయసు పిల్లలందరికీ వాగు దాటడం, దారి గుర్తులు చదవడం, తాడు ముడులు వేయడం నేర్పేవాడు.

"ఎద్దువి కదా, నీకు ముడుల సంగతి ఎలా తెలుసు తాతా?" అని పిల్లలడిగితే, "ఇరవై ఏళ్ళు ముడికి అటుపక్కన ఉన్నాన్రా! కట్టినవాడికన్నా కట్టించుకున్నవాడికే బాగా తెలుస్తుంది" అనేవాడు.

ఆ దండులో చేరాలని ఒంటి నిండా పొలుసులున్న అలుగుపిల్ల ముత్యాలుకి మహా ఆశ. కానీ దానికి ఒక గుణం ఉంది. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, తల పొట్టలో దూర్చి, తోక చుట్టేసుకుని బంతైపోతుంది.

"మన జాతికి పగలంటే నిద్రపొద్దు. పైగా పాలపళ్ళు ఊడే వయసంటున్నారు. మనకసలు పళ్ళే లేవాయె! ఏ లెక్కన చేర్చుకుంటారే నిన్ను?" అంది వాళ్ళమ్మ.

"అడిగి చూస్తానమ్మా. కాదంటే తిరిగొచ్చేస్తాను."

ఓ ఆదివారం ముత్యాలు ఇసుకమేట దాకా వెళ్ళి, రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారికి దండు ముందు నిలబడింది. జట్టు నాయకుడు కోతిపిల్ల కొండడు. నడుముకి తాడు చుట్టుకుని, మెడలో పసుపు రుమాలు వేసుకుని, చేతులు కట్టుకుని ఉన్నాడు.

"నీకేం వచ్చు?" అన్నాడు.

ముత్యాలు నేల చూసింది. "ముడుచుకోవడం వచ్చు."

ఉడుతపిల్లలిద్దరూ కిచకిచ నవ్వారు. బుల్లి అనే కుందేలుపిల్ల చెవులతో మూతి కప్పుకుని నవ్వింది. అంతే, ముత్యాలు బంతైపోయింది.

సోములు తాత నిదానంగా వచ్చి ఆ బంతి పక్కన పడుకున్నాడు. లేవమనలేదు, బుజ్జగించనూ లేదు. ఎండ చుర్రుమనేదాకా అలాగే నెమరేస్తూ ఉండిపోయాడు. చివరికి అదే తల బయటపెట్టింది.

"వచ్చే ఆదివారం దారి పరీక్ష ఉంది. నువ్వూ రా" అన్నాడు తాత. "దండు రుమాలు మాత్రం పరీక్షయ్యాకే."

పరీక్ష ఇదీ. కొండ మీది గద్దబండ దాకా తాత మూణ్ణాళ్ళ ముందే దారి గుర్తులు పెట్టి వచ్చాడు. ఒక్కో చోట మూడు రాళ్ళు, బాణంలా. బాణం ఎటు చూపిస్తే అటు పిల్లలు వెళ్ళాలి. తాత బండ మీద ఎదురు చూస్తుంటాడు.

ఆదివారం అయిదుగురూ బయల్దేరారు. ముందు కొండడు, చివర ముత్యాలు. వాగు దాటాక మొదటి బాణం ఎడమకి చూపించింది.

"ఎడమకి!" అన్నాడు కొండడు.

ముత్యాలు మాత్రం ఆగిపోయింది. బాణం రాళ్ళ పక్కన చీమలు గుడ్లు మోసుకుంటూ కంగారుగా పరుగులు పెడుతున్నాయి. చీమల సంగతి వాటినే తిని బతికే అలుగుకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? మూణ్ణాళ్ళు కదలని రాయి కింద చీమలు కాపురం పెడతాయి. ఎవరైనా రాయి లేపితేనే ఇలా గుడ్లెత్తుకుని పరుగెడతాయి. అంటే ఎవరో ఇప్పుడే రాయి జరిపారు!

చెబుదామని నోరు తెరిచింది. మళ్ళీ నవ్వుతారేమో అనిపించింది. నోరు మూసుకుని వెనకే నడిచింది.

రెండో బాణం దగ్గరా అదే తంతు. దారి సన్నబడి, రెండు పక్కలా బండలు లేచి, లోయలోకి దిగసాగింది. గద్దబండ పైన కదా ఉండాలి!

ఇక ఉండబట్టలేక, "కొండడన్నా" అంది సన్నగా. "ఆ రాళ్ళు ఇప్పుడే ఎవరో జరిపారు. చీమలు చెప్పాయి."

కొండడు వెనక్కి తిరిగి ఏదో అనబోయేలోగా మలుపులోంచి గొంతు వినిపించింది.

"ఆహా, బంగారు తండ్రులు! ఎంత బాగా వచ్చార్రా!"

నక్క జంబయ్య. మెడలో ఎక్కడిదో పసుపు గుడ్డపీలిక. మూతి మీద తేనె కారే నవ్వు.

"సోములు తాతకి గిట్ట నొప్పి చేసింది. ఇవాళ్టి నుంచి నేనే మీ కొత్త గురువుని. రండి, ఆ గుహలో మీకు ఫలహారాలు పెట్టించాను. ఒక్కొక్కరే లోపలికి రావాలి సుమా, తోసుకోకూడదు."

కుందేలుపిల్ల కొండడి వెనక్కి చేరింది. ఉడుతలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ముత్యాలుకీ వీపు మీది పొలుసులన్నీ బిగుసుకున్నాయి. తల పొట్టవైపు వంగుతోంది. ముడుచుకుంటే తన్నెవరూ కొరకలేరు. మరి బుల్లి? ఉడుతలు?

వంగిన తల పైకెత్తింది.

"గురువుగారూ, చాలా సంతోషం" అంది. "మరి మీరు ముడి పరీక్ష ఇచ్చారాండీ?"

"అదేం పరీక్ష?"

"కొత్త గురువులకి ఉంటుందండీ. చెట్టుని కౌగిలించుకుని నిలబడాలి. అవతలి పక్క చేతులకి ముడి వేస్తాం. ఇరవై లెక్కపెట్టేలోగా విప్పుకోవాలి. సోములు తాతైతే పన్నెండుకే విప్పుకున్నాడు."

కొండడు ఒక్క క్షణం దాని మొహంలోకి చూశాడు. అర్థమైంది. "అవును, పన్నెండుకే" అన్నాడు నడుము తాడు విప్పుతూ. "అంత వేగం ఇంకెవరికీ రాదులెండి."

జంబయ్య మీసాలు నిక్కాయి. కాదంటే పిల్లలు చెదిరిపోతారు. అయిదు పిట్టలు చేతిలో ఉన్నట్టే ఉండగా చెదరగొట్టుకోవడం ఎందుకు? పైగా ఆ మాట గుచ్చుకుంది.

"ఆ కుంటి ఎద్దు పన్నెండుకా? నేను ఆరుకే విప్పుతా చూడండి!"

వెళ్ళి మద్దిచెట్టుని వాటేసుకున్నాడు. మూతి బెరడుకి ఆనింది. కొండడు అవతలికి చేరి, లాగినకొద్దీ బిగిసే జారుముడి రెండు మణికట్లకీ వేసి, తాడు కొసని పక్క కొమ్మకి తొమ్మిది చుట్లు చుట్టాడు.

"లెక్క మొదలు!" అంది ముత్యాలు.

ఒకటి, రెండు, మూడు. జంబయ్య లాగాడు. నాలుగు, అయిదు, ఆరు. ముడి బిగిసింది. పది. కొరుకుదామంటే మూతికి బెరడు తప్ప అందదు. పదిహేనుకి చెమటలు పట్టాయి.

"ఇరవై!" అన్నారు పిల్లలు.

"ఇంకో ఇరవై ఇవ్వండర్రా! తాడు తడిసింది, అందుకే..."

"వంద తీసుకోండి గురువుగారూ" అంది బుల్లి, మెడలోని వెదురు ఈల అందుకుంటూ. మూడు ఈలలంటే ఆపద గుర్తు. ఊదింది.

సోములు తాత పొదలు విరుచుకుంటూ దిగివచ్చాడు. చెట్టునీ, నక్కనీ, పిల్లల్నీ చూశాడు. తలలు లెక్కపెట్టుకున్నాడు. అయిదూ ఉన్నాయి. అప్పుడు ఊపిరి వదిలాడు. కబురందిన తల్లులందరూ పరుగున వచ్చారు. ఒక్కొక్కరూ జంబయ్యకి పెట్టాల్సిన చీవాట్లు పెట్టి, కుందేలమ్మ ఓ తన్నూ తన్నాక, కొండడు తాడు కోసేశాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని తెలిసొచ్చి, మణికట్ల మీద వెంట్రుకలు పోగొట్టుకున్న జంబయ్య కొండ అవతలికి పారిపోయాడు. మళ్ళీ ఇటు తొంగి చూడలేదు.

అందరూ ముత్యాలుని మెచ్చుకుంటుంటే అది తాత దగ్గరికి వెళ్ళి తల దించుకుంది.

"తాతా, మొదటి బాణం దగ్గరే కనిపెట్టాను. నవ్వుతారని చెప్పలేదు. అప్పుడే చెప్పుంటే ఇంత దాకా వచ్చేది కాదు."

"నిజమే" అన్నాడు తాత. "అక్కడే చెప్పాల్సింది. కానీ ఆ సంగతి ఎవరూ అడక్కుండానే ఇప్పుడు చెప్పావు చూడు, అదీ స్కౌటు లక్షణం."

కొండడు ముందుకొచ్చాడు. "ఆ రోజు నవ్వనిచ్చింది నేనే" అని, తన రుమాలు తీసి ముత్యాలు మెడలో కట్టాడు. ఎండకి కళ్ళు చికిలిస్తూ ముత్యాలు వాళ్ళమ్మ అలాగే నిలబడి చూసింది. కూతురు అంత సేపు నిటారుగా నిలబడటం ఆవిడ చూడటం అదే మొదలు.

నీతి: కంటబడిన కీడుని నవ్వులకి వెరవకుండా నోట చెప్పగలిగినవాళ్ళే పదిమందినీ గట్టెక్కిస్తారు.