చెలమ ఈరవ్వ

అనగనగా ఒక రాజు అని మొదలుపెడదామంటే, ఆ ఊరికి ఏ రాజూ రాలేదు. వచ్చింది కరువు. ఒక ఏడు ఉండి పోయే కరువు కాదు, చుట్టపుచూపుగా వచ్చి తిరిగి వెళ్ళడం మరిచిపోయిన కరువు. మొదటి ఏడు చేలు ఎండాయి. రెండో ఏడు బావులు ఎండాయి. మూడో ఏడు ఏరు ఎండింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుక తప్ప ఇంకేమీ లేదు.

ఏరు ఎండినా ఏటి కడుపు ఎండదంటారు పెద్దలు. అందుకని జనం ఇసుకలో గుంట తవ్వి, అడుగున ఊరే నీళ్ళు తోడుకునేవాళ్ళు. ఆ గుంటనే చెలమ అంటారు. ఆ ఊరి చెలమకు కావలి ఈరవ్వ అనే ముసలామె. గొడ్లు తొక్కకుండా చూసేది, జారిన ఇసుక ఎత్తిపోసేది, టెంకాయ చిప్పతో నీళ్ళు తోడి వచ్చినవాళ్ళ కుండల్లో పోసేది. ఎవరైనా సంగటి ముద్ద పెడితే తినేది, పెట్టకపోతే నీళ్ళు తాగి పడుకునేది.

తోడేటప్పుడు ఆమె నోట ఒకటే మాట.

"ముంచుకో, వంచుకో, కాచుకో."

చిప్ప ముంచడం, కుండలోకి వంచడం, మళ్ళీ నీళ్ళు ఊరేదాకా కాచుకోవడం. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అదే పని, అదే పాట.

ఈరవ్వకు పిల్లలు లేరు. పిల్లలు లేని ఆడమనిషి చూపు పసిబిడ్డకు తగలకూడదని ఆ కాలం జనం అనుకునేవాళ్ళు. ఆమె చేతి నీళ్ళకు లేని దోషం ఆమె చూపుకు ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడగొద్దు. ఎవరైనా బిడ్డను చంకనేసుకొని వస్తుంటే ఈరవ్వే ముందుగా వీపు తిప్పేది. వీపు తిప్పే నీళ్ళు పోసేది. వీపు తిప్పే మాట్లాడేది.

ఆ ఊళ్ళోనే సుంకమ్మ అనే చిన్నది ఉండేది. తొలిచూలు బాలింత. మొగుడు తిమ్మన్న గొర్లను తోలుకొని, పచ్చిక వెతుక్కుంటూ దూరదేశం పోయాడు. ఇంట్లో సుంకమ్మ, ఆమె అత్త బసమ్మ, మూడు నెలలు కూడా నిండని ఆడబిడ్డ.

ఆ బిడ్డకు పాలు చాలడం లేదు.

పురుటి స్నానం నాడు బిడ్డకు కట్టిన మొలతాడు కిందికి రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకునేది సుంకమ్మ. బిడ్డ ఒళ్ళు చేస్తే మొలతాడు బిగుసుకోవాలి కదా. మొదట ఒక వేలు దూరింది. తర్వాత రెండు వేళ్ళు దూరాయి. ఒకనాడు బిడ్డను ఎత్తుకుంటే మొలతాడు తొడల మీదుగా జారి కింద పడింది. తను కన్న బిడ్డ తన ఒళ్ళోనే కరిగిపోతూ ఉందని సుంకమ్మకు అర్థమైంది.

బసమ్మ చెడ్డ అత్త కాదు. కోడలి కోసం సిగ్గు విడిచి మూడిళ్ళు తిరిగింది. ఒక ఇంట వెల్లుల్లి అడిగి తెచ్చి కారం నూరి ముద్దలో పెట్టింది. పాలు పడలేదు. ఒక ఇంట మెంతులు తెచ్చి గంజి కాచి తాగించింది. పాలు పడలేదు. ఒక ఇంట పత్తిగింజలు తెచ్చి, నానబెట్టి రుబ్బి, ఆ పాలలో ఇంత బెల్లం వేసి పోసింది. అయినా పాలు పడలేదు.

అప్పుడు బసమ్మ తనకు తెలిసిన పెద్ద విద్య బయటికి తీసింది. పొదుపు.

"చూడు మే సుంకీ, ఏడ్చినప్పుడల్లా నోట్లో పెట్టి ఉన్నవి కాస్తా అవగొట్టొద్దు. పొద్దున ఒకసారి, మద్యాన్నం ఒకసారి, రాత్రికి ఒకసారి. నడుమ బెల్లం నీళ్ళలో గుడ్డ ముంచి చప్పరిచ్చనిద్దాం. పాలు చేరి నిండుతాయి. ఎత్తిపెట్టుకున్న గింజే కదా మనల్ని వెనకటి కరువు దాటిచ్చింది."

సుంకమ్మ సరేనంది. కరువులో పుట్టి కరువులో పెరిగిన మనిషికి అది ఎంత సబబైన మాటో మీరే చెప్పండి. బిడ్డ ఏడిస్తే చెవులు మూసుకుంది. నిండుతాయి, నిండుతాయి అనుకుంటూ కాచుకుంది. పాలు నిండలేదు. రానురాను రొమ్ము మెత్తబడి, పిండినా తడి తప్ప చుక్క రాని రోజు వచ్చింది. బిడ్డ ఏడవడం కూడా తగ్గించింది. ఏడ్చే బిడ్డ తల్లిని విసిగిస్తుంది, ఏడవని బిడ్డ తల్లిని చంపుతుంది.

ఇంటికి నీళ్ళు తేవాల్సింది కూడా సుంకమ్మే. చెలమ దగ్గర వంతు వచ్చేదాకా నీరసపు బిడ్డతో ఎండలో నిలబడలేక ఆమె ఒక ఉపాయం చేసింది. ఈరవ్వ చెలమ పక్కనే తనకంటూ ఒక చిన్న చెలమ తవ్వుకుంది. ఎవరూ ముట్టకుండా పైన ఈతచాప కప్పి, చుట్టూ కంప పెట్టింది. ముట్టకుండా ఉంచితే నిండుతుంది, నిండితే ఒక్కసారే కుండ ముంచుకొని పోవచ్చు. అత్తకు తగిన కోడలు.

రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు వచ్చి చాప తీసింది. ఇసుక జారి గుంట సగం పూడిపోయింది. అడుగున నాలుక తడుపుకునేంత నీళ్ళు కూడా లేవు. పక్కన ఈరవ్వ చెలమ చూస్తే, పొద్దుటి నుంచి ఊరంతా తోడుకున్నదే, అడుగున నీళ్ళు మెరుస్తూ ఉన్నాయి.

"ఇదేం న్యాయం అవ్వా? ఊరంతా తోడిన నీ చెలమలో నీళ్ళుండాయి. ఎవురూ ముట్టని నా చెలమ ఎండిపాయ" అంది సుంకమ్మ.

ఈరవ్వ వీపు తిప్పుకునే జవాబు చెప్పింది. "చెలమ గాదె కాదు తల్లీ, పోసి పెడితే ఉండడానికి. తోడితేనే ఊట కన్ను తెరుచుకొనుంటాది. తోడకపోతే, ఇంక వీళ్ళకు అక్కర లేదులే అనుకొని కన్ను మూస్తాది. నాకు తెలిసింది అంతే. ముంచుకో, వంచుకో, కాచుకో."

సుంకమ్మ పూడిన గుంటను చూసింది. చంకలో బిడ్డను చూసింది. తన రొమ్మును చూసుకుంది. ఎండలో నిలబడి ఉన్న మనిషికి ఒళ్ళంతా చలి పుట్టింది.

"అవ్వా, చెలమ బొత్తిగా ఎండిపోయినప్పుడు ఏం జేస్తావు?"

"ఉత్త చిప్పే ముంచుతా."

"నీళ్ళు లేకపోయినా?"

"లేకపోయినా ముంచాల్సిందే. ముంచేది మానితే ఊట మనల్ని మర్సిపోతాది."

సుంకమ్మ ఈరవ్వ తలదాచుకునే జొన్నసొప్ప కొట్టంలోకి పోయి, కూర్చొని, బిడ్డ నోటికి రొమ్ము అందించింది. బిడ్డ రెండుసార్లు చప్పరించి వదిలేసింది. సుంకమ్మ మళ్ళీ పెట్టింది. వదిలేసింది. మళ్ళీ పెట్టింది. కాసేపటికి కొట్టం అంచు నుంచి ఒక ముసలి చెయ్యి వెనక్కి సాగి చిప్పెడు నీళ్ళు అందించింది. బాలింతకు నీళ్ళు తగ్గించాలని ఇంట్లో గుటకలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. ఇక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు. సుంకమ్మ చిప్ప ఎత్తి కడుపునిండా తాగింది.

కోడలు ఎంతకీ రాకపోయేసరికి బసమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కొట్టంలోకి తొంగిచూసింది. చూడగానే కోపం వచ్చింది.

"ఉన్న నాలుగు చుక్కలు ఇప్పుడే పీకిచ్చేస్తే రేపటికేం పెడతావే? అదీ ఈమె కొట్టంలో కూర్చొనా?"

ఈరవ్వ ఆ మాట విని ఇంకాస్త దూరం జరిగింది.

"అత్తా, మూడు దినాలు నాకియ్యి" అంది సుంకమ్మ. "బిడ్డ నోరు తెరిచినప్పుడల్లా ముందు రొమ్ము. అది అయినాకే దొరికితే మేకపాలు, లేకుంటే బెల్లం గుడ్డ. మూడు దినాలకూ పాలు పడకపోతే నువ్వు చెప్పినట్లే చేస్తా."

బసమ్మ బిడ్డ మొహం చూసింది. వెనకటి కరువులో ఇలాంటి మొహాన్నే ఒకదాన్ని ఆమె తన చేతులతో మట్టిలో పెట్టింది. ఆమెది కోపం కాదు, భయం.

"మూడు దినాలే" అని, ఆమె కూడా అక్కడే కూలబడింది.

మొదటి రోజు ఏమీ లేదు. బిడ్డ చప్పరించి ఏడ్చింది. సుంకమ్మ నీళ్ళు తాగి మళ్ళీ పెట్టింది. బయట ఈరవ్వ పాట. ముంచుకో, వంచుకో, కాచుకో.

రెండో రోజూ ఏమీ లేదు. రొమ్ము మొన పగిలి నిప్పు తాకినట్టు మండింది. "నాకింక చేతగాదు అవ్వా" అని ఏడ్చింది సుంకమ్మ. ఆ పూట చెలమలో కూడా నీళ్ళు లేవు. అయినా ఉత్త చిప్ప ఇసుకను గీరుకునే చప్పుడు, గరగర, గరగర, ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు వింటూ సుంకమ్మ కళ్ళు తుడుచుకొని బిడ్డను రెండో పక్కకు మార్చుకుంది.

మూడో రోజు పొద్దు నడినెత్తికి వస్తుండగా బయట చప్పుడు ఆగింది. ఎన్నడూ ఆగని చెయ్యి ఆగింది.

"సుంకమ్మా" అంది ఈరవ్వ, అటు తిరిగే. "గుటక వినపడతాండాది."

సుంకమ్మ ఊపిరి బిగబట్టింది. నిజమే. ఒక గుటక. కాస్త ఆగి ఇంకో గుటక. బిడ్డ గొంతు కదులుతూ ఉంది. పెదవి పక్క నుంచి ఒక తెల్లని చుక్క జారి సుంకమ్మ చేతి మీద పడింది. బసమ్మ కొట్టం గుంజను పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

ఒక్క బిడ్డనూ కనని మనిషి, ఏ బిడ్డ మొహమూ చూడడానికి నోచుకోని మనిషి, తల్లికంటే ముందు ఆ గుటక ఎలా విన్నది? ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఇక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఆ తర్వాత, మళ్ళీ తొడిగిన మొలతాడు కింద రెండు వేళ్ళు దూరడం మానాయి. ఒక వేలు దూరడం మానింది. కొన్నాళ్ళకు బసమ్మే ఆ తాడు తెంపి, నవ్వుకుంటూ, పెద్ద తాడు పేనింది. ఆ రోజు సుంకమ్మ బిడ్డను ఎత్తుకొని చెలమ దగ్గరికి పోయింది.

"ఇట్ల తిరుగు అవ్వా."

"వద్దు తల్లీ. నా చూపు మంచిది కాదంటారు."

"నీ చేతి నీళ్ళు మంచివి, నీ చెవి మంచిది. చూపు ఒకటే చెడ్డదయితాదా? తిరుగు."

ఈరవ్వ తిరిగింది. ఇసుక అంటిన చేతుల్ని కొంగుకు ఒకటికి మూడుసార్లు తుడుచుకుంది. సుంకమ్మ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. ముసలామె మోకాళ్ళు కదలకుండా బిగబట్టుకొని చాలాసేపు చూసింది.

"బరువుండాదే" అంది చివరికి.

ఆ వేసవి దాటకముందే ఈరవ్వ పోయింది. చెలమ గట్టు మీద, చేతిలో చిప్ప చేతిలోనే ఉండగా పోయింది. ఊరివాళ్ళు ఏటి ఒడ్డునే గుంత తీసి పూడ్చారు. మూడో దినం గోరీ మీద పాలు పోయాలి. కన్నబిడ్డలు పోయాలి. ఆమెకు బిడ్డలు లేరు. ఎవరో ఒకరు పోద్దామన్నా ఊళ్ళో ఆవులు వట్టిపోయాయి, ఎనుములు వట్టిపోయాయి, మేకలు వట్టిపోయాయి. "పిడికెడు ఇసుక చల్లి వచ్చేద్దాం" అన్నారు పెద్దలు.

సుంకమ్మ ఆ మాట వినిపించుకోలేదు. బిడ్డను అత్త చేతికిచ్చి, గోరీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు చాటు చేసుకొని తన పాలు పిండింది. ఒక ధార ఇసుకలో ఇంకింది. రెండో ధార ఇంకింది. మూడో ధార పోసి, చెయ్యి ఆపి, అత్త వైపు చూసింది. గింజలు లెక్కపెట్టి వండే అత్త. నీళ్ళు కొలిచి ఇచ్చే అత్త.

బసమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"పొయ్యి మే" అంది. "ఇంకా పొయ్యి. ఊరుతాది."

పెద్దలు తలగుడ్డలు తీసి చేత పట్టుకున్నారు. సుంకమ్మ చెప్పిన మాట విని తమ బిడ్డల్ని దక్కించుకున్న తల్లులు ఇంకొందరు ఉన్నారు ఊళ్ళో. వాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి కూర్చున్నారు. ఆ కరువులో, ఆ ఎండలో, గుక్కెడు నీళ్ళు దొరకని నేల మీద, ఇసుక తెల్లగా తడిసింది.

ఆ తడి మర్నాటికీ ఆరలేదు. ఈరవ్వ చెయ్యి లేక పాత చెలమ అప్పటికే పూడిపోయింది. తడి ఉన్నచోటు పక్కన జనం తవ్వి చూస్తే మోకాటి లోతుకే ఊట తగిలింది. వానలు వచ్చేదాకా ఊరంతా అవే నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు కాస్త తెల్లగా, కాస్త తియ్యగా ఉండేవని కొందరంటారు. తెలుపు సున్నపురాతి వల్ల కావచ్చునంటాను నేను. తీపి సంగతి మాత్రం నాకూ తెలియదు. నాలుగో ఏడు ఏరు పొంగి గోరీని తీసుకుపోయింది. ఇప్పుడు అది ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

కానీ ఆ ఏటి పొడుగునా ఉన్న ఊళ్ళలో ఈనాటికీ బిడ్డకు పాలు చాలడం లేదని ఏ తల్లి అయినా దిగులు పడితే, ముందు ఆమె చేతికి నీళ్ళ చెంబు ఇస్తారు. పక్కన కూర్చొని "ముంచుకో, వంచుకో, కాచుకో" అని బిడ్డకు జో కొడతారు. బిడ్డను తొట్లలో వేసేనాడు ఊళ్ళో పిల్లలు లేని ఆడమనిషి ఎవరున్నా పిలుచుకొచ్చి, బిడ్డను మొదట ఆమె ఒళ్ళోనే పడుకోబెడతారు. పాలు పడిన రోజున తల్లి మూడు చుక్కలు ఇసుకలో పిండుతుంది. గోరీ లేదు కాబట్టి ఏ ఇసుకైనా సరే. ఏడుగురు కొడుకుల్ని కన్న తల్లికైనా గోరీ మీద పాలు పోసేది ఒక్కనాడే. ఈరవ్వకు మాత్రం ఎక్కడో ఒకచోట ఎవరో ఒక తల్లి పొయ్యని రోజు లేదు.