కానుగ చెట్టు దగ్గర ఆగిన బాట

ఉద్యోగంలో చేరిన మూడు నెలలకు ఓబులేశుకు ఒకే ఒక్క బాధ మిగిలింది. తను తప్పు చేయడన్న సంగతి రసూల్ సాహెబు నమ్మడం లేదు.

అది కర్నూలు వైపు ఒక చిన్న ఊరిలోని మునసబు కోర్టు. కోర్టు హాలు వెనక, రెండు బల్లలు వేస్తే మూడో బల్లకు చోటు లేని గది ఒకటి ఉంది. అదే కాపీ సెక్షన్. తీర్పుకు నకలు కావాలనుకున్నవాళ్ళు కిటికీలోంచి దరఖాస్తు ఇస్తారు. గుమాస్తా అసలు తీర్పు చూసి టైపు కొట్టి ఇస్తాడు. కోర్టు గుమాస్తాల్లో అంతకంటే చిన్నవాడు లేడు. ఆ చిన్న గుమాస్తా ఓబులేశు. ఎదుటి బల్ల దగ్గర సెక్షన్ పెద్ద రసూల్ సాహెబు, ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీలో.

ఉద్యోగం చిన్నదైనా ఓబులేశు వేగం చిన్నది కాదు. తెలుగు టైపు మిషను మీద అతని వేళ్ళు ఆడుతుంటే వరండాలో పోయే వకీళ్ళు ఆగి చూసేవాళ్ళు. వాళ్ళు చూస్తున్నారని అతనికి తెలుసు. చూస్తున్నంతసేపూ ఇంకాస్త వేగం పెంచేవాడు.

అయితే ఆ వేగమంతా సాహెబు బల్ల దగ్గరికి వచ్చేసరికి చతికిలపడేది. టైపయిన ప్రతి నకలునూ ఇద్దరూ కూర్చుని సరిచూడాలి. అసలు తీర్పు సాహెబు చేతిలో ఉంటుంది, ఆయన పైకి చదువుతారు. నకలు ఓబులేశు ముందు ఉంటుంది, ఒక్కో మాట కిందా వేలు జరుపుకుంటూ పోవాలి. నకలు చివర రెండు గళ్ళుంటాయి, చదివినవారు, సరిచూసినవారు అని. రెండు సంతకాలూ పడితేగాని కాగితం గది దాటదు. చాలా చోట్ల ఆ రెండు సంతకాలూ ఒక్క నిమిషంలో పడిపోతాయని ఓబులేశు విన్నాడు. అలాంటి చోట తనకెందుకు పోస్టింగు రాలేదా అని లోలోపల ఏడ్చుకునేవాడు.

సాహెబు చదువు అంత నిదానం. కామా వస్తే కామా అని పైకి అనేవారు. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కళ్ళద్దాల పైనుంచి చూసి ఒకే మాట అడిగేవారు.

"వేలు పెట్టినావా?"

ఓబులేశు వేలు పెట్టేవాడు. మనసు మాత్రం వీధి చివర టీ అంగడిలో ఉండేది. మూడు నెలల్లో అన్ని కాగితాలూ చదివితే దొరికిన తప్పులు రెండు కామాలే.

కార్తీకంలో ఒకరోజు మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చింది. ఏభై దాటిన మనిషి, మొగుడు లేడు, ఉన్నది ఒక్క చేను. ఆ చేనికి బండి పోవాలంటే పొరుగు రైతు మద్దిలేటి చేని గట్టు మీదుగా పోవాలి. మధ్యలో ఒక కానుగ చెట్టు ఉంది. చెట్టు దాకా అయితే పొమ్మంటాను, ఆపైన అడుగు పెడితే ఊరుకోనని మద్దిలేటి అడ్డం తిరిగాడు. దానిమీద ఐదేళ్ళు దావా నడిచింది. చివరికి మునసబు గారు చేను దాకా బాట ఆమెదేనని తీర్పిచ్చారు. ఆయన తీర్పులు తెలుగులో రాసే మనిషి, రాసింది కోర్టులో తనే పైకి చదివే మనిషి.

తీర్పయితే వచ్చింది గాని మద్దిలేటి దాన్ని నోటి మాటగా ఒప్పుకోలేదు. కాగితం తెచ్చి ఊరి ముందు కరణంతో చదివిస్తే సరే, లేకపోతే మర్నాడు పొద్దున చెట్టు దగ్గర బాటకు అడ్డంగా రాతి కూసాలు పాతేస్తానన్నాడు. కూసాలు తెచ్చి పడేశాడు కూడా. ఇటు సుంకులమ్మ శెనక్కాయ పీకించి చేలో కుప్పగా వామి వేసుకుని ఉంది. పైన చూస్తే మబ్బు. వాన పడిందంటే ఆ కాయంతా చేలోనే మొలకెత్తిపోతుంది. ఊరికి ఉన్నది ఒక్క బస్సు, నాలుగున్నరకు.

ఓబులేశుకు ఆమెను చూస్తే నిజంగానే జాలేసింది. మిషను ముందు కూర్చుని దడదడలాడించాడు. మూడు గంటలకు నకలు తయారు. సాహెబు అసలు తీర్పు అందుకోబోతుంటే అతనికి మూడు నెలల కడుపుమంట ఒక్కసారి బయటికొచ్చింది.

"సార్, ఈ ఒక్కదానికీ చదవడం వద్దు సార్. ఆమెకు బస్సు ఉండాది. మూడు నెలలుగా చూస్తానే ఉండారు గదా, నేను కొడితే తప్పుండదు."

సాహెబుకు కోపం రాలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సరే. నేను చదవను," అన్నారు.

ఓబులేశు ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ పొంగు దిగకముందే సాహెబు లేచి తలుపు తీసి, కిటికీ దగ్గర నిలబడ్డ సుంకులమ్మను లోపలికి పిలిచారు. తన కుర్చీ లాగి కూర్చోమన్నారు. గవర్నమెంటు కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందోనని ఆమె కాసేపు భయపడింది. చివరికి అంచున కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ అబ్బి నీ కాగితం చదువుతాడు తల్లీ. నువ్వు సరిచూడు," అన్నారు సాహెబు.

"నాకు సదువు రాదు సామీ."

"వినడం వస్తాది గదా."

ఓబులేశుకు ఇదేదో తనను ఆటపట్టించడంలా తోచింది. అయినా కాదనలేక మొదలుపెట్టాడు. వాది పేరు, ప్రతివాది పేరు, తేదీ, అన్నీ గబగబా దాటించాడు. సుంకులమ్మ తల వంచుకుని వింటోంది.

"వాగు మొదలుకొని ప్రతివాది చేని ఉత్తరపు గట్టు వెంబడి కానుగ చెట్టు వరకు వాదికి బండిబాట. ఈ బాటకు ప్రతివాది గాని, అతని మనుషులు గాని ఎట్టి అడ్డంకి కలిగించరాదు."

సుంకులమ్మ తలెత్తింది.

"ఆగు నాయనా. చెట్టుకాడ ఆపినావేంది? తీర్పు చదివిన ఆయప్ప ఆపలేదే."

ఇందులో ఇంతే ఉందని ఓబులేశు ఓపిగ్గానే చెప్పాడు. సుంకులమ్మ కళ్ళు మూసుకుంది. తీర్పు చదివిన రోజు కోర్టు హాల్లో చేతులు కట్టుకుని నిలబడి విన్న మాటలవి. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తనలో తను చెప్పుకుంటూనే ఉంది. ఇప్పుడు పైకి చెప్పింది. మునసబు గారి గ్రాంథికం ఆమె నోట్లోంచి ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

"కానుగ చెట్టు మొదలుకొని రాతిబావి ప్రక్కగా వాది చేను వరకు బండిబాట."

తర్వాత కళ్ళు తెరిచి తన మాటల్లో అడిగింది. "చెట్టుకాడ్నించి నా బండి ఎగిరి పోతాదా నాయనా?"

ఓబులేశు అసలు తీర్పు లాక్కుని చూశాడు. కిందా మీదా రెండు వరసలు. రెండూ బండిబాట అన్న మాటతోనే ముగిశాయి. మొదటి వరస కొట్టి కన్నెత్తినవాడు మళ్ళీ చూపు దించేటప్పుడు రెండో వరస చివరికి దించాడు. కన్ను ఇచ్చిందాన్ని వేళ్ళు ఒక్క తప్పు లేకుండా కొట్టేశాయి. ఐదేళ్ళ దావా అంతా ఉన్నది ఆ ఒక్క వరసలో. ఆ వరసనే తను మింగేశాడు.

రేపు పొద్దున కరణం ఆ కాగితం ఊరి ముందు చదవడం కళ్ళకు కట్టింది. అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు. ఈమె అబద్ధం చెప్పిందనుకునేవాళ్ళు.

గోడ గడియారంలో మూడున్నర. ఓబులేశు కొత్త కాగితం ఎక్కించాడు. ఈసారి వరండాలో ఎవరు నిలబడ్డారో చూడలేదు. టైపు అయ్యాక సాహెబు చదివారు, అతను వేలు జరిపాడు. రెండు బండిబాటలూ వేలి కిందికి వచ్చాయి. సంతకాలయ్యాయి, ముద్ర పడింది.

చెడిన నకలు బల్ల మీదే ఉంది. సాహెబు దానికి అడ్డంగా గీత కొట్టి, సరిచూసినవారు అన్న గడిలో సుంకులమ్మ చేత వేలిముద్ర వేయించారు. దాన్ని ఓబులేశు ముందుకు జరిపి, "ఇది నీది," అన్నారు. సుంకులమ్మ సరైన నకలును కొంగులో చుట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

గదిలో ఇద్దరే మిగిలాక ఓబులేశు అడిగాడు. "సార్, ఆ వరస పోయిందని మీకు ముందే తెలుసా?"

"తెలిసుంటే ఇంక చదవడమెందుకు?" అన్నారు సాహెబు, కళ్ళద్దాలు పెట్టుకుంటూ.

ఆ తర్వాత ఓబులేశుకు కుదురు లేదు. మాటిమాటికీ బయటికొచ్చి మబ్బు చూసేవాడు. మూడో రోజు వాన దంచి కొట్టింది. ఆ వానలో వరండాలో, ఆ వామి ఏమైందోనని కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

ఎనిమిదో రోజు కోర్టు గేటు ముందు ఒక ఎద్దుల బండి ఆగింది. బస్తాలు మోకులు కట్టేంత ఎత్తున ఉన్నాయి. బండి మీద సుంకులమ్మ. మార్కెట్టుకు పోతూ పోతూ దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, అడక్కుండానే అంతా చెప్పింది.

ఆ పొద్దున ఊరంతా కానుగ చెట్టు దగ్గరే ఉందట. మద్దిలేటి మనుషులు గడ్డపారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారట. కరణం చదువుతూ చదువుతూ కానుగ చెట్టు వరకు వాదికి బండిబాట అన్న చోట ఊపిరి తీసుకున్నాడట. మద్దిలేటి పకపకా నవ్వి మీసం మీద చెయ్యేశాడట, పాతండ్రా కూసాలు అని. అప్పుడు కరణం నోరు తెరిచేలోపే తర్వాతి వరస సుంకులమ్మ గట్టిగా చెప్పేసింది. కరణం కాగితం మీద వేలు పెట్టి చూసి, ఒక్క మాట తేడా లేదన్నాడు. ఊరు ఊరంతా ఓ అని అరిచింది. చెట్టు దగ్గర బాటకు అడ్డం పడున్న కూసాన్ని తీయడానికి మనుషులెవరూ ముందుకు రాకపోతే మద్దిలేటే స్వయంగా భుజం ఆన్చి పక్కకు దొర్లించాడట.

"నేను బండి మీద నిలబడే పోయినా నాయనా, రాతిబావి దాటేదాకా కూసోలేదు. రెండు దినాల్లో కాయంతా ఇంటికి చేరింది. వాన పడేటప్పటికి చేలో ఏముండాది, ఉత్త మన్ను," అని సుంకులమ్మ నవ్వింది. ఓబులేశుకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం అతనికి ఏనాడూ కలగలేదు.

ఆమె కిటికీ చట్టం మీద దోసెడు కాయలు పోసింది. సాహెబు అందులోంచి ఒక్క కాయ తీసుకుని, మిగతావి ఆమె కొంగులోకే తోశారు. కాయ వలిచారు. రెండు గింజలు. ఒకటి ఓబులేశు చేతిలో పెట్టారు.

బండి కదిలిపోయింది. కిటికీ దగ్గర ఒక వకీలు గుమాస్తా అప్పటికే గంట నుంచి గొణుగుతున్నాడు. టైపు ఎప్పుడో అయిపోయింది కదా, సంతకం పెట్టి పడేస్తే పోదా అని. ఓబులేశు అతని వైపు తిరగలేదు. కుర్చీ సాహెబు బల్ల దగ్గరికి జరుపుకుని నకలు ముందు పెట్టుకున్నాడు. వెనక అతని బల్ల అద్దం కింద సుంకులమ్మ వేలిముద్ర పడ్డ ఆ చెడిన నకలు ఉంది.

సాహెబు అసలు తీర్పు తీసుకుని కళ్ళద్దాల పైనుంచి చూశారు.

ఆయన నోరు తెరవకముందే ఓబులేశు అన్నాడు.

"వేలు పెట్టినా సార్. చదవండి."