దుంగకు పడిన శిక్ష

ఒకానొక రాజ్యంలో, పొద్దున గుర్రమెక్కినవాడు మధ్యాహ్న భోజనానికి పొరుగు దేశం చేరేటంత చిన్న రాజ్యంలో, ప్రతాపకేసరి అనే రాజు ఉండేవాడు. రాజ్యం ఎంత చిన్నదో ఆయన ఆజ్ఞలు అంత పెద్దవి.

ఒక భాద్రపద మాసంలో గాలివానకు రాజుగారి తోటలోని జిట్రేగి చెట్టు కూలింది. అది ఆయన తాతగారు నాటిన చెట్టు. చిన్నప్పుడు దాని నీడలోనే తాత ఒళ్లో కూర్చుని కథలు విన్నాడు. పాపం, ఆ పూట రాజు అన్నం ముట్టలేదు. మర్నాడు కమ్మరి కంబాచారికి కబురు పెట్టాడు.

"ఈ కర్రతో పిడి, ఒర పెట్టి నాకొక మూరెడు కత్తి చెయ్యి. నవరాత్రులు తొమ్మిది రోజులూ అమ్మవారి పాదాల దగ్గర ఉంచి, విజయదశమి నాడు సభలో నేనే దూస్తాను."

కంబాచారి దుంగ కోత మీద అరచెయ్యి ఆనించాడు. చెమ్మ అంటుకుంది.

"కత్తి పది రోజుల్లో చేస్తాను ప్రభూ. కర్రే పచ్చిది. నీడపట్టున ఏడాది ఆరితే గాని పనికిరాదు. ఇప్పుడే ఒర చేస్తే, అది ఆరేకొద్దీ బిగుసుకుని కత్తిని పట్టేస్తుంది."

"నా రాజ్యంలో నా మాట విననిది కూడా ఉందా? నవరాత్రుల లోపు కత్తి రాకపోతే నీ కొలిమి ఆర్పించి నిన్ను పొలిమేర దాటిస్తాను!"

అది కంబాచారి ముత్తాతల నాటి కొలిమి. కత్తి చెయ్యకపోతే ఇప్పుడే పోతుంది. చేస్తే విజయదశమి నాడు రాజు పరువుతో పాటు పోతుంది. అతను చేతులు జోడించాడు.

"చిత్తం మహారాజా. తమ ఆజ్ఞ నాకు అందింది, దుంగకు అందలేదు. దానికి కూడా ఒక మాట సెలవివ్వండి."

సభలో అందరూ నవ్వు దిగమింగారు. రాజుకు మాత్రం ఆ మాట మహా నచ్చింది. వెంటనే దండోరా వేసేవాడు వచ్చి, దుంగ ఎదుట నిలబడి డప్పు కొట్టాడు. "ఓ జిట్రేగి దుంగా! నవరాత్రుల లోపల నువ్వు పూర్తిగా ఆరిపోవాలహో! రాజుగారి ఆజ్ఞహో!" మంత్రి ఆజ్ఞాపత్రానికి రాజముద్ర వేయించి దుంగకు కట్టించాడు.

కంబాచారి ఇనుము కాల్చి సాగగొట్టాడు, పదును పట్టాడు, పిడి చెక్కాడు, రెండు పలకలు తొలిచి ఒరగా అతికించాడు. చెడిపోతుందని తెలిసిన పని కదా అని ఎక్కడా అశ్రద్ధ చెయ్యలేదు. అలా చెయ్యడం అతనికి చేతకాదు. నవరాత్రుల ముందురోజు కత్తి అప్పగించాడు. అప్పటికది ఒరలో హాయిగానే కదిలింది.

తొమ్మిది రోజులు దీపాల సెగ తగిలింది. విజయదశమి నాడు రాజు నిండు సభలో లేచి కత్తి దూయబోయాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కిరీటం పక్కకు జారింది గాని కత్తి జారలేదు. మూడోసారి బలమంతా పెట్టి గుంజితే పిడి ఫెళ్లున పగిలి చేతిలోకి వచ్చింది.

"కంబాచారీ!" అని గర్జించాడు రాజు. కాని అంతలోనే చేతిలోని తాతగారి చెట్టు ముక్కను చూసి, దాన్ని గుండెకు హత్తుకున్నాడు. కంబాచారికి భయంతో పాటు జాలి కూడా కలిగింది.

"మహారాజా, ఆజ్ఞ ఇద్దరికీ అయింది. నేను గడువులోపు పని ముగించాను. ధిక్కరించింది దుంగ. మిగిలిన దుంగ ఇంకా తోటలోనే ఉంది. శిక్ష వేస్తే దానికి వెయ్యండి."

"దుంగకేం శిక్ష వేస్తారయ్యా?"

"ఏడాది చెరసాల ప్రభూ. ఎండా వానా తగలకూడదు. నేల తగలకుండా రాళ్ల మీద పడుకోబెట్టాలి. గాలి మాత్రం ఆడనివ్వాలి. ఎవరూ తొందరపెట్టకూడదు. ఎంత మొండిదైనా దారికొస్తుంది."

రాజు అతని వంక గుచ్చి చూశాడు. "నువ్వు మొదటి రోజు అడిగింది ఇదే కదూ?"

"చిత్తం. అప్పుడు మనవిగా అడిగాను, తమరు వినలేదు. అందుకని శిక్షగా అడుగుతున్నాను."

రాజు ముందు పెదవి బిగించాడు, ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. తన చేతి కంకణం తీసి కంబాచారికి తొడిగి, దుంగను అతని కొలిమి పక్కకు చేర్పించి, దానికి అతన్నే కాపలాదారుగా నియమించాడు.

ఖైదీని చూసే నెపంతో రాజు ఆ ఏడాదంతా కొలిమి దగ్గరకు వస్తూనే ఉన్నాడు. తాత చెప్పిన కథలు కంబాచారికి చెప్పేవాడు, కర్రను తట్టి చప్పుడును బట్టి చెమ్మ కనిపెట్టడం అతని దగ్గర నేర్చుకునేవాడు. మళ్లీ విజయదశమి వచ్చింది. మంత్రి విడుదల పత్రం పట్టుకొచ్చాడు. ఆ ఏడు వానలు ఎక్కువై దుంగ లోపల ఇంకా చెమ్మ ఉందని కంబాచారికి తెలుసు. ఇంకా ఆగమని రాజుతో చెప్పడానికే నోరు రాలేదు.

రాజు వంగి, దుంగను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఆ పత్రం దాచు మంత్రీ, ఇంకో వానాకాలం చూడనీ," అన్నాడు.