బుగ్గకు మూడు చరిత్రలు

అనగా అనగా ఒక కొండ, కొండ కింద ఒక నీటిబుగ్గ, బుగ్గ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరయ్యశాస్త్రి అనే పండితుడు ఉండేవాడు. బడి మొహం చూడకుండానే పండితుడైనవాడు, అచ్చం నాలాగే. కనుక తనంటే తనకు మహా గౌరవం.

ఆ ఊరికో కట్టుబాటు. బుగ్గను కనుగొన్న ఇంటివారే ఏటా ఎండాకాలంలో దిగి పూడిక తీయాలి. తేటపడ్డ నీళ్ళలో తొలి కడవ వారిదే. ఎవరు కనుగొన్నారో ఎవరికీ తెలియదు గానీ, ఏటా దిగేది ముసలి గంగులమ్మ. తొలి కడవ ఆమెకే దక్కేది.

ఒక ఏడు ఊరిపెద్ద శాస్త్రికి బూరెలు పెట్టి, "బుగ్గకు చరిత్ర రాయవయ్యా. మా తాత పేరు కాస్త తగలనీ," అన్నాడు.

శాస్త్రి బుగ్గ పక్కనున్న బండ మీద ఎర్రటి జేగురుతో రాశాడు: "పెద్దగారి తాత బల్లెంతో పొడవగా నీరు చిమ్మెను."

మర్నాడు వర్తకుడు అరిసెలు పెట్టాడు. శాస్త్రి దాని కిందే రాశాడు: "వర్తకుని అవ్వ కన్నీరే ఈ బుగ్గ."

మూడోనాడు ఎవరూ ఏమీ పెట్టలేదు. అయినా చెయ్యి ఊరుకోదే! "శాస్త్రి ముత్తాత పద్యానికి బండ పగిలెను."

ఎండలు ముదరగానే గంగులమ్మ పూడిక తీయడానికి తట్టతో వచ్చింది. ఇంట్లో ఆమె కూతురు పచ్చి బాలింత.

"బండ మీద నీ పేరేదే ముసలీ? దిగకు, పో!" అన్నారు ముగ్గురూ.

పది రోజుల్లో బుగ్గ పూడిపోయింది. ప్రతి కడవలోనూ బురదే. "కనుగొన్నవాళ్ళు దిగండి!" అని ఊరంతా కేకలేసింది.

"నడుం పట్టేసింది," అన్నాడు పెద్ద.

"జలుబు," అన్నాడు వర్తకుడు.

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. బురదలోంచి ముసలి కప్ప తల ఎత్తి, "ముత్తాత పద్యానికి బండే పగిలిందిగా! నువ్వో పద్యం చదువు బాబూ, బురదేపాటిది?" అంది.

ఊరు పగలబడి నవ్వింది. నవ్వనిది గంగులమ్మ ఒక్కతే. "జరగండి నాయనా, బాలింతకు తేట నీళ్ళు కావాలి," అంటూ కొంగు బిగించి దిగింది.

ఆమె తట్టలెత్తుతుంటే, శాస్త్రి పైపంచె తడిపి మూడు చరిత్రలూ తుడిచేశాడు. "నీ పేరు రాయనా అవ్వా?" అన్నాడు తలెత్తకుండా.

"రాస్తే పూడిక పోతుందా? వచ్చే ఏడు తట్ట అందుకో, చాలు."

తొలి కడవ నిండింది. "ఎండలో నిలబడ్డావు, తాగు," అని అవ్వ ముందు అతని దోసిట్లోనే పోసింది. ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి గానీ, గొంతు దిగలేదు.

చెయ్యని పనికి పేరు రాసుకున్నవాడికి, చేసినవాళ్ళ ఎదుట గుక్కెడు నీళ్ళు కూడా మింగుడుపడవు.