షేక్ గారి తలలో పేలు

దహ్లన్‌కి ఆ రోజు గురువు దగ్గర కావలసింది ఒక్క మాట. ఆయన "సరే" అంటే చాలు.

కిందటేడు గాలి మళ్ళినప్పుడు ఉత్తరపు దీవుల ఓడదొంగలు వచ్చి, రేవులో వలలు ఆరేస్తున్న అతని తమ్ముడు రమ్లిని ఎత్తుకుపోయారు. ఇంకా మీసాలైనా రాని పిల్లాడు. మళ్ళీ కబురు లేదు. తల్లి ఆ దిగులుతోనే మంచమెక్కి కన్నుమూసింది.

ఈ ఏడు తుఫానుకి అలాంటి దొంగల పడవే ఒకటి దహ్లన్ వాళ్ళ మలయా దీవి ముందు రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది. ఒక్కడు బతికి ఒడ్డున పడ్డాడు. ఊరివాళ్ళు వాడి కాళ్ళూ చేతులూ కట్టేసి, షేక్ సాలిహ్ గారు శిష్యులకి చదువు చెప్పే కర్ర ఇంటి మెట్ల మీద పడేశారు.

ఆ ఊరి కట్టుబాటు ప్రకారం శిక్ష చెప్పే హక్కు నష్టపోయిన ఇంటిది. ఊరిపెద్ద దహ్లన్‌ని అడిగాడు. సముద్రం నీరు వెనక్కి తీసే వేళకి వాణ్ణి తెడ్డు లేని తెప్పకి కట్టి తోసేయమన్నాడు దహ్లన్. రేవులో తెప్ప కడుతున్నారు. గురువుగారు కూడా ఊ అంటే మనసులో ముల్లు ఉండదని లోపలికి వచ్చాడు.

"వాడితో మాట్లాడావా?" అన్నారు షేక్ గారు.

"మాట్లాడటానికి వాడికో భాష ఏడిస్తేగా గురువుగారూ! పొద్దుటి నుంచీ ఏదో వాగుతున్నాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాళ్ళు మనుషులు కారండీ. మనుషులైతే ఆ పసివాణ్ణి..."



షేక్ గారు మెల్లగా లేచి బయటికి నడిచారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ తీరంలో ఎండ చల్లారాక ఇంటిల్లిపాదీ మెట్ల మీద ఒకరి కింద ఒకరు కూర్చుని పేలు చూసుకుంటారు. ఊసులన్నీ అప్పుడే, తిట్లూ నవ్వులూ అప్పుడే. కానీ తల మాత్రం సొంతవాళ్ళ చేతికే ఇస్తారు. పరాయివాడి చెయ్యి తలకి తగిలిందా, కత్తులు లేస్తాయి. ఇక షేక్ గారి తల మాట చెప్పేదేముంది! ఆయన కూర్చుని ఉంటే శిష్యులు నడుం వంచుకుని నడిచేవారు. తలపాగా లేకుండా ఆయన్ని చూసినవాడు ఊళ్ళో లేడు.

అలాంటి షేక్ గారు ఆ దొంగ ముందు వంగి, వాడి చేతుల కట్టు విప్పేశారు. కింద బల్లేలతో నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడి ముందుకొచ్చారు. ఆయన వాళ్ళని చేత్తోనే ఆపారు. తలపాగా విప్పి పక్కన పెట్టారు. తెల్లటి జుట్టు వీపు మీదికి జారింది. వాడి కింది మెట్టు మీద, వాడికి వీపు పెట్టి కూర్చుని, తల వంచారు.

దహ్లన్ వెనకే గుమ్మంలోకి వచ్చి చూశాడు. దొంగ చేతులు విడిగా ఉన్నాయి. వాటికి జానెడు దూరంలో గురువుగారి మెడ!  

దొంగ బిత్తరపోయాడు. తన చేతులు చూసుకున్నాడు. బల్లేల వంక చూశాడు. ఎదురుగా వంగిన తలని చూశాడు. కాసేపటికి వాడి వేళ్ళు మెల్లగా కదిలి, షేక్ గారి చెవి వెనక జుట్టుని పాయ తీశాయి.

షేక్ గారికి పేలేమిటని నవ్వకండి. పేలకి భక్తీ లేదు, భయమూ లేదు. వాడికి ఒకటి దొరకనే దొరికింది. బొటనవేలి గోటి మీద పెట్టి టప్పున కుక్కాడు. కుక్కి, ఇంట్లోవాళ్ళకి చూపించినట్టు గోరు పైకెత్తి చూపించాడు.

"కుతొ," అన్నాడు.

దహ్లన్ అదిరిపడ్డాడు. పేనుని వాళ్ళమ్మ "కుతు" అనేది. ఊరు ఊరంతా అదే అంటుంది. చివర చిన్న విరుపు తప్ప అదే మాట.

"గురువుగారూ! మన మాట వాడి నోట్లోకి ఎలా వచ్చిందండీ? మన పిల్లల దగ్గర దొంగిలించాడు!"

జుట్టు కిందనుంచి షేక్ గారి నవ్వు వినిపించింది.

"పేను పేరు ఎవడు దొంగిలిస్తాడ్రా? వయసులో పడవలెక్కి తిరిగాను. జావా వెళ్ళాను, ఇంకా అవతలి దీవులకీ వెళ్ళాను. మంచినీళ్ళు కావాలంటే సైగలు చేసేవాణ్ణి. పేనుకి మాత్రం సైగ చెయ్యాల్సిన పని ఎక్కడా పడలేదు."

వాడు ఇంకో పాయ తీశాడు. 

"రమ్లికి పేలెక్కువ కదూ?" అన్నారు షేక్ గారు తల ఎత్తకుండానే.

"ఎక్కువేనండీ," అన్నాడు దహ్లన్. "అమ్మ రోజూ తిట్టుకుంటూ చూసేది."

"ఇప్పుడు ఎవరి ముందు కూర్చుని కుతు అంటున్నాడో."

అంతే అన్నారు. లేచి, తలపాగా చుట్టుకుని, లోపలికి వెళ్ళిపోయారు.

 ఏ ఊళ్ళోనో, ఏ మెట్ల మీదో, కట్టు విప్పే దిక్కు కోసం చూస్తున్న తమ్ముడి చిన్న తల ఒక్కటే దహ్లన్‌కి కనిపిస్తోంది.

నీరు తీస్తోందనీ తెప్ప సిద్ధమనీ రేవులోంచి కేకేశారు. మళ్ళీ కేకేశారు.

దహ్లన్ వంగి ఆ మనిషి కాళ్ళ కట్టు కూడా విప్పాడు. తన టోపీ తీశాడు. గురువుగారు లేచిన మెట్టు మీదే ఆ మనిషికి వీపు పెట్టి కూర్చున్నాడు.  ఉప్పునీటికి పగిలిన వేళ్ళు అతని జుట్టులోకి వచ్చాయి.

"కుతొ," అన్నాడు వెనకనుంచి ఆ మనిషి.

"కుతు," అన్నాడు దహ్లన్.